ఉపాధి కందకంలో యుద్ధం

నేను ఇప్పటికి నాలుగు యుద్ధాలు చేశాను. మొదటి మూడూ టీ అంగడి బల్ల మీద కూర్చుని చేసినవి; వాటిలో గాయాలు తగిలాయి కానీ అలసట తెలియలేదు. నాలుగోది మా గుట్ట కింద, సినిమావాళ్ళ కోసం, చెక్క తుపాకీతో చేశాను. ఒక్క దెబ్బ కూడా తగల్లేదు. ఆ అలసట మాత్రం ఇంకా ఒంట్లోంచి పోలేదు.

మాది ఉరవకొండ అవతల, గాలిమరలు తిరిగే మెట్టభూమి. గాలికి కొదవ లేదు, కొదవంతా వానకే. ఇలాంటి చోట మనిషి నోరు కూడా ఎండిపోతే ఇక బతికేదెట్లా అని నా నమ్మకం. అబద్ధాలాడే అలవాటు నాకు లేదు. ఉన్నదాన్ని కాస్త లాగి చెబుతాను, అంతే. నాలుగు చినుకులు పడితే వంక పారిందంటాను, ఆ వంకలో పక్కూరి ఎద్దులబండి కొట్టుకొచ్చి మా కళ్ళంలో ఆగిందంటాను. విన్నవాళ్ళకు కాసేపు తడిసినట్టుంటుంది. ఎవరికి నష్టం?

నా కతల్లో సగం మిలిట్రీ మామవి. ఆయన నాకు వరసకు మామ. పద్దెనిమిదేళ్ళు సైన్యంలో ఉండి ఊరికి తిరిగొచ్చి గొర్రెలు పెట్టుకున్నాడు. ఇప్పుడు అరవై దాటాయి. సైన్యంలో ఏం చేశాడో ఎవరికీ చెప్పడు. అడిగితే టీ గ్లాసు కింద పెట్టి, కర్ర తీసుకుని గొర్రెల వెంట పోతాడు. అలా ఖాళీగా వదిలేసిన చోటు చూస్తే నాలాంటివాడు ఊరుకోగలడా? మామ మంచుకొండ మీద ఒక్కడే ఏడుగురు శత్రువులను పట్టుకుని తాడుతో కట్టి తెచ్చాడని మొదలుపెట్టాను. ఏడాదికి ఒకరిద్దరు చొప్పున పెరిగి, ఆ ఏడుగురు కాస్తా నలభైమంది అయ్యారు. నేను చెబుతున్నప్పుడు మామ అక్కడే ఉన్నా ఔననలేదు, కాదనలేదు. అదే ఒప్పుకోలు అనుకున్నాను.

సినిమా వచ్చిన ఏడు శనక్కాయ మమ్మల్ని ముంచింది. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. చెట్టు పీకితే రెండు కాయలు, వాటిలో ఒకటి గింజ పట్టని బొల్లి. ఇళ్ళకు తాళాలేసి బెంగళూరులో ఇటుకలు మోయడానికి ఎవరు ముందు పోతారా అని ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాం. అప్పుడు ఒక మధ్యాహ్నం టీ అంగడి ముందు జీపు ఆగింది. నల్లకళ్ళద్దాల మేనేజరు ఒకాయన దిగి మా గుట్టను, ఎండిపోయిన చేలను చూసి తెగ సంబరపడ్డాడు.

"సరిహద్దంటే ఇలా ఉండాలి. ఒక్క పచ్చటాకు కూడా లేదు," అన్నాడు.

మా భూమిని అంతగా మెచ్చుకున్న మనిషిని అంతకుముందు చూడలేదు. టీ అంగడి బావ ఆయనకు బెల్లం టీ ఇచ్చి, సినిమా దేని గురించని అడిగాడు. మేనేజరు వివరంగానే చెప్పాడు. ఒకప్పుడు సైన్యంలో చేసి ఇళ్ళకు వెళ్ళిపోయినవాళ్ళు. పొట్టలు పెరిగాయి, చూపు తగ్గింది, దేనికీ పనికిరారు. పెద్ద యుద్ధం వచ్చేసరికి మనుషులు చాలక మళ్ళీ వాళ్ళనే పిలిచి పంపుతారు. అంతా కామెడీ.

"అంటే అవసరమొచ్చినప్పుడు పిల్చేది, తీరినాక మర్చిపోయేది," అన్నాడు బావ. "మాకు అలవాటే సార్. ఓట్లప్పుడు అట్లే పిలుస్తారు."

మేనేజరు నవ్వి, ఇరవై మంది మగవాళ్ళకు ఇరవై రోజుల పని ఉందన్నాడు. అయితే ఒక్క షరతు. మిగతావాళ్ళను నడిపించడానికి మాలో ఒకడు నిజంగా మిలిట్రీలో చేసినవాడై ఉండాలి. అలాంటివాడు లేకపోతే హైదరాబాదు నుంచి బస్సులో మనుషులను దింపుకుంటారు.

అందరం మామ వైపు తిరిగాం. మామ గ్లాసు కింద పెట్టాడు.

"నాకొద్దు సామీ. కావల్లంటే అందరితో పాటు వరసలో నిలబడతా. ముందర నిలబడేది నాతో కాదు."

అన్నాక ఇక మాట మార్చే మనిషి కాదు. మేనేజరు లేచి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. బల్లల మీద కూర్చున్నవాళ్ళ మొహాలు చూశాను. వాళ్ళు అప్పుడే బెంగళూరు బస్సెక్కి, నిలబడి ప్రయాణం చేస్తున్నట్టున్నారు. నా నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది.

"నేనుండా గదా సార్. ఆరేండ్లు చేసినా."

టీ వడపోస్తున్న బావ చెయ్యి కాల్చుకున్నాడు. మేనేజరు మళ్ళీ కూర్చున్నాడు.

"ఏ రెజిమెంటు?"

"అది చెప్పకూడదు సార్," అన్నాను గొంతు తగ్గించి.

ఆయన కూడా గొంతు తగ్గించి "సరే సరే," అన్నాడు. మామ నన్ను ఒక చూపు చూసి గొర్రెల దగ్గరికి పోయాడు.

ఆ సాయంత్రం నా భార్య సంగటి ముద్ద పళ్ళెంలో వేస్తూ, "నువ్వు మిలిట్రీనా? ఎనుముకు ఇంత గడ్డి కోసకరమ్మంటే నడుం పట్టుకుంటావు," అంది. తర్వాత కాస్త నెమ్మదిగా, "నువ్వు దొరికిపోతే వాండ్లందరికీ పని పోతాదని తెలుసు గదా?" అని అడిగింది. తెలుసు. నాలుగు ముద్దలు తినేవాణ్ణి రెండు తిని లేచాను.

మరుసటి రోజు నుంచి మేం సైన్యం. ఎవరి చొక్కా వాళ్ళకు పట్టదు. బూట్లన్నీ ఒకే సైజు. చిన్నకాళ్ళవాళ్ళు లోపల గుడ్డలు కుక్కుకున్నారు, పెద్దకాళ్ళవాళ్ళు కుంటుతూ నడిచారు. డైరెక్టరు ముప్పై ఏళ్ళ సన్నటి మనిషి. మమ్మల్ని చూసి, "పనికిరానివాళ్ళలా నటించాలి, గుర్తుంచుకోండి," అని చెప్పి, ఇంకోసారి చూసి, "అక్కర్లేదులే, మామూలుగా ఉండండి," అన్నాడు.

కవాతు నేర్పే పని నాది. లెఫ్ట్, రైట్ అని అరిచాను. సగంమంది ఆగి ఆలోచించారు, మిగతా సగం వాళ్ళను చూసి ఆగారు. రెండు రోజులు అదే తంతు. మూడో రోజు విసుగొచ్చి, మడక దున్నేటప్పుడు ఎద్దులను అదిలించినట్టు "దాపల, వలపల" అన్నాను. ఎడమ కాడి ఎద్దు దాపలది, కుడిది వలపలది. మా నాయనల కాలం నుంచీ చెవుల్లో ఉన్న మాటలు. పందొమ్మిది జతల కాళ్ళు ఒక్కసారిగా లేచి ఒక్కసారిగా పడ్డాయి. మలుపు దగ్గర కూడా దున్నే మలుపులాగే చక్కగా తిరిగారు. డైరెక్టరు అది విని ఇది ఏ దళం పద్ధతి అని అడిగాడు. చెప్పకూడదన్నాను.

మిగిలినదంతా ఎదురుచూపే. పొద్దున ఆరింటికి బట్టలేసుకుని కూర్చుంటే, మమ్మల్ని పిలిచేది మధ్యాహ్నం మూడింటికి. కెమెరా తిప్పితే గాలిమరలు కనబడతాయి, సరిహద్దులో గాలిమరలు ఉండకూడదు. కాబట్టి శత్రువులు ఎప్పుడూ గుట్ట వైపు నుంచే రావాలి. వాళ్ళు వచ్చేదాకా ఎండలో తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళం. వానకోసం కూర్చునే అలవాటు ఉన్నవాళ్ళం కనుక కూర్చోవడం చాతనవును. కానీ అది మన చేలో, మన గట్టు మీద. ఇక్కడ బూట్లు కూడా విప్పకూడదు. సాయంత్రానికి మనిషి మనిషీ పిండేసిన గుడ్డలా అయ్యేవాడు. నాకు దాని మీద ఇంకో బరువు. ఎవరు దగ్గరికొచ్చినా నన్ను మిలిట్రీ సంగతి ఏమడుగుతారోనని బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగేవాణ్ణి. జన్మలో మొదటిసారి, నోరు మూసుకుని ఉండటం ఎంత కష్టమో తెలిసింది.

తొమ్మిదో రోజు మేనేజరు వచ్చి, రేపు పెద్ద యుద్ధం ఉందనీ, గుట్ట పల్లంలో సైనికులు దాక్కునే కందకం తవ్వించి పెట్టమనీ నాకు చెప్పి, పనిమీద అనంతపురం వెళ్ళిపోయాడు. పారలు, గడ్డపారలు ఇచ్చారు. చాలా రోజుల తర్వాత మాకు తెలిసిన పని చేతికొచ్చింది. ఎవరికీ ఏమీ చెప్పనవసరం లేకపోయింది. ఏటా ఎండాకాలం ఉపాధి హామీ పనిలో తవ్వేది కందకాలే కదా. దారం పట్టి వాలుకు అడ్డంగా గీతలు గీశారు. ఒక కందకం, కొంత ఎడం, మళ్ళీ ఒక కందకం. పైనుంచి జారే నీరు దేంట్లోనో ఒకదాంట్లో ఆగాలి. తవ్విన మన్నంతా దిగువ వైపు గట్టుగా పోశారు. కొలత తీసుకునేవాళ్ళు వచ్చి లోతు చూసుకోవడానికి ఒక్కో కందకం మధ్యలో ఒక మట్టిదిమ్మె వదిలారు. సాయంత్రానికి చూస్తే ఎంత ముచ్చటగా ఉందో. నేను కూడా గర్వపడ్డాను. మామ ఒక్కడే పార ఆనుకుని నిలబడి, ఏదో చెప్పబోయి, తల గోక్కుని ఊరుకున్నాడు.

మరునాడు పొద్దున డైరెక్టరు వచ్చి కందకాల అంచున నిలబడ్డాడు. తర్వాత మేనేజరును పిలిచాడు. మేనేజరు నన్ను పిలిచాడు.

"ఏంటిది? శత్రువు వచ్చేది ఎటు నుంచి?" అని మేనేజరే అడిగాడు.

"గుట్ట మీద నుంచి సార్."

"మరి మట్టి కింద వైపు పోయించావేం? పైనుంచి కాలిస్తే వీళ్ళకు అడ్డమేముంది? ఇలా ముక్కలు ముక్కలుగా ఎందుకు తవ్వారు? దాని మధ్యలో ఆ దిమ్మెలేంటి?"

"అది కొలతకు సార్," అన్నాను.

"ఎవరు కొలుస్తారు? శత్రువా?"

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. మేనేజరు కళ్ళద్దాలు తీశాడు. ఆయన కళ్ళు అంత చిన్నవని అప్పుడే చూశాను.

"నిజం చెప్పు. నువ్వు ఎప్పుడైనా మిలిట్రీలో చేశావా?"

వెనక పందొమ్మిది మంది ఊపిరి బిగబట్టడం నా వీపుకు తెలిసింది. ఇన్నేళ్ళు నన్ను సాకిన నోరు ఆ పొద్దు శనక్కాయ పొట్టులా పొడిపొడిగా ఉంది. అప్పుడు వరసలోంచి బూట్లు ఈడ్చుకుంటూ మామ ముందుకొచ్చాడు.

"ఆయప్పది తప్పు కాదు సార్. నిన్న పొద్దున్నే చెప్పినాడు. కందకం తిన్నగా ఉండకూడదు, మెలికలు మెలికలుగా పోవల్ల, ఒక మెలికలో గుండు పడితే పక్క మెలికలో ఉండేటోడు బతకల్ల అని. మన్ను శత్రువు తట్టు పోయల్లని కూడా చెప్పినాడు. మేమే ఇనలే. పార చేతికిస్తే చేతులు ఉపాధి పని చేసేసినాయి. ఆయప్ప అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న్యాడు, సూడండి, మాట రావడంలే."

నేను గొంతు పట్టుకుని దగ్గాను. అది నటన కాదు.

డైరెక్టరు మామను చూశాడు, కందకాలను చూశాడు, బూట్లలో గుడ్డలు కుక్కుకుని నిలబడ్డ మమ్మల్ని చూశాడు. అలా చూస్తూ చూస్తూ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే మట్టిలో కూర్చుండిపోయాడు.

"యుద్ధానికి పంపితే వెళ్ళి నీటిగుంటలు తవ్వి, కొలతలకు ఎదురుచూస్తున్నారు," అన్నాడు మేనేజరుతో. "ఇంతకంటే ఏం కావాలి? దిమ్మెలతో సహా ఉంచేయండి. కొలిచే ఆయన పాత్ర కూడా ఒకటి రాస్తాను."

మేనేజరు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. పని నిలిచింది. అంగడి మూసి మా వరసలో చేరిన బావ నా పక్కకొచ్చి, "ఏమప్పా సుబేదారూ, ఉచ్చ బోసుకున్న్యావా?" అన్నాడు మెల్లగా.

ఆ మధ్యాహ్నమే వంట గుడారం సీను తీశారు. పనికిరాని సైనికుల వంటవాడు చపాతీలు చేయలేక నానా తిప్పలూ పడి అందరినీ నవ్వించాలి. ఆ వేషం వేసిన హాస్యనటుడు పిండి మొహానికి పూసుకుంటున్నాడు కానీ పెనం దగ్గర చెయ్యి కాల్చుకుంటున్నాడు. వెనక నిలబడ్డ మామ చూసి చూసి, "జరుగు నాయనా," అని పీట ముందు కూర్చున్నాడు. ఉండలు చేసింది చూశాను కానీ ఒత్తింది ఎప్పుడో కనబడలేదు. పెనం మీద నాలుగు, పక్కన నిప్పుల మీద రెండు పొంగుతూ, చేతిలో ఒకటి. చూపు పిండి మీద లేదు, ఎక్కడో గుట్ట మీద ఉంది. కెమెరా తిరుగుతూనే ఉంది. పేర్చిన దొంతర మోకాలెత్తు వచ్చాక డైరెక్టరు ఆపమని, "మరీ బాగా చేశాడండీ, దీనికి నవ్వు రాదు," అన్నాడు.

తర్వాత మేమిద్దరం మా కందకంలో, దిమ్మె నీడలో కూర్చున్నాం. దిమ్మె నీడ ఒక మనిషికి సరిపోతుంది. చెరి సగం పంచుకున్నాం.

"మామా, నువ్వు మిలిట్రీలో…"

"వంటోన్ని అల్లుడా. ట్రైనింగులో తుపాకీ కాల్చినా, కందకం తవ్వినా. ఆ తర్వాత అంతా పొయ్యి కాడనే."

"మరి నలభైమందిని కట్టి తెచ్చినావని నేను చెప్తాంటే ఎందుకూరుకున్న్యావు?"

"మొదుట్లో నవ్వొచ్చేది. ఒక ఏడు జెండా పండక్కు బడికి పిల్చినారు. అయ్యవారు నీ కత మైకులో చెప్పి, నన్ను జెండా ఎగరెయ్యమన్న్యాడు. పిలకాయలు చప్పట్లు కొట్టిరి. అప్పుడే చెప్పల్లనుకున్యా. చెప్తే నీ మొగం యాడ పెట్టుకుంటావులే అని ఊరుకున్యా." బూటు విప్పి, లోపలి గుడ్డ తీసి దులిపాడు. "అప్పుటి నుంచి ఏటికి రెండు తూర్లు ఆ నలభైమందిని మోస్తాండా. గొర్రెల కాడికి ఎందుకు పోతాననుకున్న్యావు? అవి ఏమీ అడగవు."

ఆ గుడ్డ మడతపెడుతూ మళ్ళీ తనే అన్నాడు.

"యుద్ధమంటే నాకు తెలిసింది ఒకటే. ఒక పొద్దున అందరికీ రొట్టెలు కట్టిచ్చి పంపినా. మాపటికి వస్తారని మనిషికి ఆరు లెక్కన మళ్ళా చేసిపెట్టినా. పదకొండు మందివి మిగిలినాయి. వాటిని ఎవరూ తినలే. పారెయ్యమని చెప్పేకి ఎవరికీ నోరు రాలే. మూడు దినాలు గుడ్డలో అట్లే ఉన్న్యాయి."

ఏ మాట విన్నా దానికి ఏం అతికిద్దామా అని నా బుర్ర వెంటనే పరిగెత్తుతుంది. ఆ పూట కదల్లేదు. దూరంగా మేనేజరు మమ్మల్ని వరసలోకి రమ్మని అరుస్తున్నాడు. మామ గుడ్డ మళ్ళీ బూటులో కుక్కుకున్నాడు.

"నీ కోసం ఈ పొద్దు ఒక అబద్ధం ఆడినా గదా," అన్నాడు లేస్తూ. "నువ్వు ఆ కతలోంచి నన్ను దించప్పా. మోసి మోసి యాలసారిపోయినా."

ఇరవై రోజులూ పని జరిగింది. ఆ ఏడు ఎవరూ బెంగళూరు పోలేదు. సినిమా వచ్చాక టీ అంగడిలో బావ ఫోనులో అందరం తల మీద తల పెట్టి చూశాం. కందకాల దగ్గర జనం బాగా నవ్వారట. మామ చపాతీలు లేవు, తీసేశారు. సినిమావాళ్ళు వదిలేసి పోయిన కందకాల్లో మరుసటేడు తొలివానకు నీళ్ళు నిలిచాయి. మామ గొర్రెలు పది రోజులు తాగాయి. ఎద్దులబండి కొట్టుకురాలేదు.

మామను దించే పని ఆ సినిమా చూసిన రోజే మొదలుపెట్టాను. మామ వంటవాడని అంగడిలో చెప్పాను. ఒకరు నవ్వారు, ఒకరు కోప్పడ్డారు. "సినిమాలో చేసినాక కండ్లు నెత్తికెక్కినాయి వీనికి. పెద్దమనిషిని తక్కువ చేసి మాట్లాడతాండాడు," అన్నాడు బావ. మూడు రోజులు నాకు అరువు టీ కూడా పుట్టలేదు. జెండా పండగ దగ్గరపడితే బడికి పోయి అయ్యవారికి చెప్పాను, అదంతా నేను కల్పించిన కత, ఈసారి మైకులో వద్దని. ఆయన సుద్దముక్క పక్కన పెట్టి నన్ను జాలిగా చూశాడు.

"నీ మాట నమ్మి ఇన్నేండ్లు చెప్పినా. అది అబద్ధమని ఇప్పుడు మళ్ళా నీ మాటే నమ్మల్లా?"

అరగంట బతిమాలాను. చూస్తాలే అన్నాడు.

జెండా పండగనాడు మామ ఇస్త్రీ చొక్కాతో జెండా కొయ్య దగ్గర నిలబడ్డాడు. నేను వెనక గోడ దగ్గర ఉన్నాను. అయ్యవారు మైకు పట్టుకుని, మన మిలిట్రీ మామ మంచుకొండ మీద ఒంటరిగా శత్రువులను, అని నా వైపు ఒకసారి చూసి, ఏడుగురిని బంధించాడు అన్నాడు. పిలకాయలు ఎప్పటిలాగే చప్పట్లు కొట్టారు. మామ తాడు లాగాడు. పూలు ఆయన నెత్తి మీదే పడ్డాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరం చేల గట్టున నడిచాం.

"ఇంకా ఏడుమంది ఉండారు," అన్నాడు మామ.

"ఉగాది పోనీ మామా. వచ్చే జెండా పండక్కు నలుగుర్ని చేస్తా."

"బిరీన దించు," అన్నాడు మామ, జుట్టులోంచి బంతిరెక్కలు ఏరుకుంటూ. "మోకాళ్ళు నొస్తాండాయి."